అయిదింటి ఫోన్‌లో నా గొంతు

నేను దుప్పటి ముసుగుతన్ని పడుకున్న సమయంలో ఇంగ్లీషు పాఠం గడగడా చదివేశానని మా ఇంగ్లీషు మేడం క్లాసంతటి ముందు నన్ను నిలబెట్టి మెచ్చుకుంది.

“ఇయ్యాల పొద్దుగాల ఫోన్‌ల ఎంత బాగ చదివిందో తెలుసా? ఒక్క దగ్గర ఆగలేదు. ప్రశ్నలడిగితే జవాబులు సుత ఇంగ్లీషులనే చెప్పింది. అందరు చప్పట్లు కొట్టుండ్రి” అంది.

చప్పట్లు కొట్టారు. నేను నోరు వెళ్లబెట్టి నిలబడ్డాను. ఆ పొద్దున ఫోన్ మోగిన సంగతే నాకు తెలియదు. నేను లేచేసరికి అమ్మ వాకిలి ఊడ్చి, బర్రె పాలు పిండి, పొయ్యి మీద చాయ్ పెట్టింది. నేను చాయ్ తాగి, జడ వేసుకుని బడికి వచ్చాను. ఇంగ్లీషు ఒక్క ముక్క చదవలేదు. ఆ మాటకొస్తే ఆ ఏడాది మొత్తం మీద కూడా నేను చదివింది ఏమంత లేదు.

చప్పట్లు అయ్యాక మేడం “ఏదీ, అదే పేరా ఇక్కడ చదువు, వీళ్లు విననీ” అంది. పుస్తకం తెరిచాను. మొదటి వాక్యం సగంలోనే నాలుక మడతపడింది. కూడబలుక్కుని మళ్లీ మొదలుపెట్టాను, మళ్లీ అక్కడే ఆగాను. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. మేడం నన్ను కాసేపు చూసి “భయపడ్డవా? సరే, కూసో” అంది. ఆ చూపులో ఏముందో అప్పుడు నాకు అర్థం కాలేదు. అర్థం చేసుకునే స్థితిలో లేను కూడా. నా గొంతుతో నాకు తెలియకుండా ఎవరు మాట్లాడారు?

ఆ రోజుల్లో మా బళ్లో టీచర్లు పదో తరగతి పిల్లలను దత్తత తీసుకునేవారు. దత్తత అనేది పెద్ద మాటే గానీ పని చిన్నది. ప్రీఫైనల్‌లో తప్పిన పిల్లలను టీచర్లు తలా కొందరిని పంచుకోవాలి. పరీక్షలయ్యేదాకా పొద్దున అయిదింటికి వాళ్ల ఇళ్లకు ఫోన్ చేసి లేపాలి. ఊరికే “లేచిన మేడం” అని చెప్పి మళ్లీ ముసుగేసే పిల్లలు ఉంటారు గనుక ఒక పేరా చదివించుకుని, నాలుగు ప్రశ్నలు అడగాలి. నేను ఇంగ్లీషు ఒక్కటే తప్పాను కాబట్టి ఇంగ్లీషు మేడం వంతుకు వచ్చాను. మేడం ఉండేది నిజామాబాద్ టౌన్‌లో. వంట చేసుకుంటూ ఫోన్ చేసేదనీ, వెనక కుక్కర్ విజిల్ వినపడేదనీ మిగతా పిల్లలు చెప్పేవారు. మిగతా పిల్లలే చెప్పాలి, నేను విన్నది లేదు కదా.

ఇంగ్లీషు మీద నాకు పగ. పర్యాయపదాలట, వ్యతిరేక పదాలట, తప్పులు దిద్దే పేరా అట. అన్నిటికీ మించి చూడని పేరా ఒకటి. చూసిన పేరాలే చదవలేని దాన్ని తీసుకొచ్చి చూడని పేరా ముందు కూర్చోబెట్టడం ఏం న్యాయమో నాకు ఇప్పటికీ తెలియదు. లెటర్లు మాత్రం బట్టీ పట్టాను. ఊళ్లో వీధి దీపాలు వెలగడం లేదని అధికారికి రాసే లెటర్ కళ్లు మూసుకుని రాసేదాన్ని. వేరే ఏ సమస్య మీద రాయమన్నా వీధి దీపాల మీదే రాసేదాన్ని.

కానీ ఆ ఏడు ఆటలు సాగేలా లేవు. ప్రీఫైనల్ మార్కులు చూసి బాపు ఒక్కటే మాట అన్నాడు.

“పది ఒక్కసారికే పాసయితె నిజామాబాద్‌ల కాలేజికి పంపుత. తప్పినవనుకో, ఇగ కల్లం కాడనే ఉండు. సప్లిమెంటరీలు గిప్లిమెంటరీలు నాకు చెప్పకు.”

బాపు మాట అంటే మాటే. తర్వాత తన మాట మీద తనకే కోపం వస్తుంది గానీ దాన్ని తప్పడు. మాక్లూర్ దగ్గరి మా ఊళ్లో పది తప్పిన ఆడపిల్లలు ఏమయ్యారో నాకు తెలుసు. మా వీధిలోనే ఇద్దరు ముగ్గురు చంకలో పిల్లలతో కనపడేవారు. అందుకని ఇంగ్లీషు మీద పగతో పాటు భయం కూడా ఉండేది. భయం ఉన్నంత మాత్రాన పొద్దున మెలకువ రాదు, అది వేరే సంగతి.

పైగా అది పసుపు కాలం. తవ్విన పసుపు ఉడకబెట్టి కల్లంలో ఆరబోస్తే, ఆరేదాకా తిరగేస్తూనే ఉండాలి. బడి నుంచి రాగానే పుస్తకాల సంచి దండేనికి తగిలించి నేనూ కల్లానికే పోయేదాన్ని. రాత్రిళ్లు పసుపుకు కాపలాగా బాపు కల్లంలోనే పడుకుని తెల్లవారాక ఇంటికొచ్చేవాడు. అంటే పొద్దున అయిదింటికి ఇంట్లో ఉండేది నేనూ అమ్మే. నేను చదవలేదు. అమ్మకు ఇంగ్లీషు రాదు.

రాదని నాకు ఎంత గట్టిగా తెలుసో చెప్తాను. అమ్మ ఏడో తరగతి. ఇంట్లో ఇంగ్లీషు అక్షరం ఏది కనపడినా నా చేతికి రావాల్సిందే. మందు డబ్బా మీద రాసింది, ఫోన్‌కు వచ్చిన మెసేజ్, గ్యాస్ రశీదు, అన్నీ నేనే చదివి చెప్పేదాన్ని. నేను చదివి చెప్పాక అమ్మ ఒక్కోసారి “ఇంకోపారి సదువు” అనేది. నాకు చిరాకేసేది. ఒకసారి చెబితే ఎక్కదా అని విసుక్కుంటూనే మళ్లీ చదివేదాన్ని.

ఆ సాయంత్రం అమ్మను అడిగాను.

“పొద్దుగాల మేడం ఫోన్ వచ్చిందా?”

“వచ్చింది.”

“ఎవరెత్తిండ్రు?”

“నువ్వే ఎత్తినవ్.”

“నేనా! నేను పండుకున్న గదా?”

“నిద్రలనే ఎత్తినవ్, నిద్రలనే సదివినవ్. నువ్వు పండుకున్నవో మేల్కున్నవో నాకేమెరుక?” అని బర్రెకు గడ్డి వేయడానికి పోయింది.

అమ్మ అబద్ధమాడగా నేను ఎప్పుడూ చూడలేదు. అందుకని నమ్మాను. నవ్వకండి, నిజంగానే నమ్మాను, బళ్లో పిల్లలకు కూడా చెప్పాను. మా క్లాసులో ఒక పిల్ల వాళ్ల చిన్నాయన నిద్రలో లేచి పొలం దాకా నడిచి వచ్చేవాడట. నడవగా లేనిది చదవడం ఎందుకు కాదు అనుకున్నాం. నాకు ‘నిద్రల సదివేది’ అని పేరు కూడా పెట్టారు. పరీక్ష హాల్లో కాసేపు కునుకు తీస్తే పాసైపోతానేమో అని నాకో ఆశ పుట్టింది కూడా. అయినా లోపల ఎక్కడో గుబులు. నిద్రలో ఇంగ్లీషు వచ్చేదానికి మెలకువలో వీధి దీపాలు తప్ప ఏమీ ఎందుకు రావు?

ఒక పొద్దున ఎలాగో మెలకువ వచ్చింది. కళ్లు మూసుకునే పడుకున్నాను. అమ్మ దిండు కింద ఫోన్ గుర్రుమంది. రెండోసారి గుర్రుమనేలోపు అమ్మ దాన్ని ఎత్తుకుంది. లేచి జుట్టు ముడి వేసుకుంది. కొంగు సర్దుకుంది. దండేనికి ఉన్న నా సంచిలోంచి ఇంగ్లీషు పుస్తకం తీసింది. వెతుక్కోలేదు, చెయ్యి పెట్టగానే తీసింది. అరుగు మీదికి వెళ్లి బల్బు వేసి తలుపు దగ్గరగా వేసింది.

నేను పాక్కుంటూ వెళ్లి తలుపు సందులోంచి చూశాను. ఫోన్ కిటికీ గూట్లో పెట్టి స్పీకర్ వేసింది. తను గోడకు ఆనుకోలేదు, కూర్చోలేదు. నిటారుగా నిలబడింది. పుస్తకం రెండు చేతులతో గుండెల ఎత్తున పట్టుకుంది.

“గూ...డ్ మార్నింగ్, మేడమ్” అంది, ఒకటో తరగతి పిల్లలు సాగదీసినట్టు.

“లేచినవా? ముఖం కడిగినవా?”

“ఎస్ మేడమ్.”

తర్వాత మా అమ్మ ఇంగ్లీషు చదివింది.

నేను ఇప్పటిదాకా చాలా విని ఉంటాను, చూసి ఉంటాను. అంతగా అదిరిపడింది మాత్రం లేదు. గొంతు అచ్చం నాది. మా ఇద్దరి గొంతులు ఫోన్‌లో ఒక్కలాగే ఉంటాయని మా చుట్టాలు ముందు నుంచీ అనేవారు. మేనత్త ఎన్నిసార్లు నన్ను వదినా అని పిలిచిందో. కానీ ఆ చదువు నాది కాదు. నెమ్మదిగా, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో తెలిసినట్టుగా, వాక్యం చివర గొంతు దించి చదివింది. అదొక నది గురించిన పేరా. మధ్యలో మేడం ఆపి ఇంగ్లీషులో అడిగింది, నువ్వు ఎప్పుడైనా డ్యాం చూశావా అని. పుస్తకంలో లేని ప్రశ్న అది. అమ్మ కొంచెం తడుముకుంది. తర్వాత ఇంగ్లీషులోనే చెప్పింది. పోచంపాడ్ డ్యాం చూశానంది. గేట్లు ఎత్తినప్పుడు చూశానంది. అన్ని నీళ్లు ఒక్కసారి చూసి చాలా భయపడ్డానంది.

ఆ రోజు నేనూ ఉన్నాను. బాపు చేయి పట్టుకుని గంతులు వేశాను. పక్కన అమ్మ కూడా ఉంది. భయపడ్డదని నాకు తెలియదు. తెలుగులో నాకు ఎన్నడూ చెప్పలేదు.

“వెరీ గుడ్” అంది మేడం.

“థాంక్యూ మేడమ్. మే ఐ సిట్ డౌన్, మేడమ్?”

ఫోన్‌లో కాసేపు కుక్కర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత మేడం “సిట్ డౌన్” అంది, మెల్లగా. అమ్మ అప్పుడు అరుగు మీద కూర్చుంది. ఫోన్ పెట్టేశాక కూడా అలాగే కూర్చుని ఉంది, పుస్తకం ఒళ్లో పెట్టుకుని.

నేను పరుపు మీదికి వచ్చి పడ్డాను. అమ్మ లోపలికొచ్చి పుస్తకం సంచిలో పెట్టి, నా మీద దుప్పటి సరిచేసి “లేవే, పొద్దెక్కింది” అంది. నేను లేచాను. ముఖం కడుక్కున్నాను. చాయ్ తాగాను. అమ్మ ముఖం వంక చూడలేకపోయాను. ఆ ముఖం నాకు కొత్తగా కనపడింది. మా ఇంట్లో ఎవరో కొత్త మనిషి దిగినట్టనిపించింది.

బళ్లో కూర్చున్నాక కోపం మొదలైంది. మెచ్చుకోలు కాదు, ముద్దు కాదు, శుద్ధ కోపం. ఇన్నేళ్లు నా చేత మందు డబ్బాలు చదివించుకుంది! తప్పు చదివానని తెలిసే “ఇంకోపారి సదువు” అందన్నమాట! నేను గొప్పగా చదివి చెప్పిన ప్రతిసారీ తను లోపల నవ్వుకుందా? ఇంగ్లీషు వచ్చిన తల్లి ఇంట్లో ఉండగా నేను ఇంగ్లీషులో తప్పానా? ఆ పూట మేడం ఏం చెప్పిందో నాకు ఒక్క ముక్క ఎక్కలేదు.

ఆదివారం కల్లంలో పాలిష్ డ్రమ్ము పెట్టారు. ఎండిన పసుపు కొమ్ములు అందులో పోసి తిప్పితే పొట్టు రాలుతుంది. ఆ డ్రమ్ము తిరుగుతుంటే పక్కన నిలబడి అరిచినా వినపడదు. బాపు ఆ చివర డ్రమ్ము దగ్గర ఉన్నాడు. ఈ చివర అమ్మా నేనూ ఇంకా ఆరని పసుపు తిరగేస్తున్నాం. అంతకన్నా మంచి సమయం దొరకదనిపించింది.

“అమ్మా, పోచంపాడ్‌ల నీకు గంత భయమైందా?” అన్నాను.

అమ్మ చేయి ఆగింది. నా వంక చూడలేదు. బాపు వంక చూసింది.

“ఎప్పుడిన్నవ్?”

“మొన్న పొద్దుగాల. తలుపు సందుల నుంచి. నువ్వు ఏడో తరగతి గదా? ఏడో తరగతోళ్లకు గట్ల ఇంగ్లీషొస్తదా?”

“మెల్లగ మాట్లాడు.”

“డ్రమ్ము తిరుగుతుంది, ఎవరికినపడది. చెప్పు.”

అమ్మ మళ్లీ పసుపు తిరగేయడం మొదలుపెట్టింది. చేతులు ఆడుతుంటేనే తనకు మాట వస్తుంది.

“ఏడు గాదు. పది” అంది.

అమ్మ పుట్టిల్లు కోటగిరి పక్కన ఒక పల్లె. పదో తరగతి పరీక్షలకు బోధన్‌లో సెంటర్ పడిందట. అది చెరుకు ట్రాక్టర్లు రోడ్డు నిండా పోయే కాలం. ఆడపిల్లలంతా కలిసి ఒక ఆటో మాట్లాడుకున్నారట. తెలుగు రాసింది, హిందీ రాసింది. ఇంగ్లీషు అంటే అమ్మకు ప్రాణమట. ఆ మాట విని నాకు ఇంకో షాక్.

“ఇంగ్లీష్ పరీక్ష దినమే పిల్లను చూసుకుంటమని కబురు పంపిండ్రు. మా అవ్వ, గదే మీ అమ్మమ్మ, అన్నది, పరీక్ష సప్లిమెంటరీల రాయొచ్చు, వచ్చేటోళ్లను వద్దని ఎట్లంటమే అని. నాకు పట్టుచీర కట్టిండ్రు. ఆటో వచ్చి ఇంటి ముంగట హారన్ కొట్టింది. కొట్టింది, కొట్టింది, పోయింది. నేను వంటింట్ల నిలబడి ఇన్న.”

“మరి ఏడు ఎట్లయింది?”

“పిల్లగాడు ఏడు సదివిండన్నరు. పిల్ల ఎంత సదివింది అని అడిగిండ్రు. పది అంటె పిల్లగానికంటె ఎక్కువైతది, సంబంధం తప్పుతదని మా అవ్వకు బుగులు. ఏడు అన్నది. ఇగ ఏడంటె ఏడే.”

“సప్లిమెంటరీ రాయకపోతివా?”

“ఏడు సదివిన పిల్ల పది సప్లిమెంటరీ ఎట్ల రాస్తదే?” అంది అమ్మ, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు. మిగతా పరీక్షలు అన్నీ రాసిందట. అవన్నీ పాసట. పెళ్లికూతురుగా ఈ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచి ఇంగ్లీషు అక్షరం కనపడితే చూపు తిప్పుకోవడం అలవాటు చేసుకుందట.

“బాపుకు తెల్వదా?”

“తెల్వది. చెప్పకు. ఇన్నేండ్లకు మా అవ్వ అబద్ధమాడిందంటె ఏం బాగుంటది?”

ఆ చివర బాపు డ్రమ్ము ఆపమని చేయి ఊపుతున్నాడు. తొందరగా అడిగాను.

“మరి నన్ను లేపకుండ నువ్వెందుకు ఎత్తినవ్ ఫోన్?”

అమ్మ నా వంక మొదటిసారి చూసింది. కళ్లలో భయం, సిగ్గు, ఇంకేదో కూడా ఉంది.

“ఫస్ట్ దినం లేపిన. లెవ్వకపోతివి. పొద్దంత కల్లంల నిలబడ్డవని పాపమనిపిచ్చింది. ఫోనెత్తి, పండుకుంది మేడం అని చెప్దామనుకున్న. ఆమె గుడ్ మార్నింగ్, ఆర్ యు రెడీ అన్నది. ఎస్ మేడమ్ అని నా నోట్లకెల్లి అదే వచ్చింది. సదివిన. ఆమె వెరీ గుడ్ అన్నది.” చేతిలో కొమ్ములు అటు తిరగేసింది. “నన్ను గుడ్ అని ఎవరన్నరే ఇన్నేండ్ల?”

డ్రమ్ము ఆగింది. ఇక మాట్లాడితే బాపుకు వినపడుతుంది. నాకు ఏడుపొచ్చింది, కోపం ఇంకా పోలేదు. తల వంచుకుని పసుపు తిరగేశాను.

మర్నాటి నుంచి అమ్మ నన్ను లేపడం మొదలుపెట్టింది. పాపమనుకోవడం మానేసింది. నీళ్లు చల్లి లేపేది. మేడం ఫోన్ కంటే ముందే అరుగు మీద నిలబెట్టి పేరా చదివించేది. కూర్చుని చదువుతానంటే ఒప్పుకునేది కాదు. తన బళ్లో నిలబడే చదివేవారట, టీచర్ కూర్చోమనేదాకా కూర్చోకూడదట. చూడని పేరాకు అమ్మ దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు కింద ప్రశ్నలు చదవాలి, ఆ తర్వాతే పైన పేరా చదవాలి. “దేని కోసం పోతున్నవో తెల్వకుండ అంగడికి పోతవా?” అనేది. సాయంత్రం కల్లంలో చేతులు పసుపులో ఉంటే నోటితో పదాలు అడిగేది. ఎండినదానికి ఇంగ్లీషులో ఏమంటారు, తడిదానికి ఏమంటారు, కుప్పకు ఏమంటారు, ఎత్తడానికి ఏమంటారు. బాపు దగ్గరికి వస్తే ఇద్దరం నోరు మూసుకునేవాళ్లం. బాపు అనుమానంగా చూసి “తల్లీబిడ్డలు ఏం గుసగుస పెడుతున్నరు?” అని పోయేవాడు.

ఇక ఫోన్ సంగతి. మొదటిసారి నేను ఎత్తి చదివినప్పుడు మేడం “గొంతు పట్టిందా?” అని అడిగింది. అవునన్నాను. నేను తడబడుతుంటే అమ్మ పక్కన నిలబడి పెదవులు కదిపేది. పేరా అయిపోతుంటే అమ్మ ముఖం చూసేదాన్ని. చేతిలో పలక ఎవరో లాగేసుకున్న పిల్లలా ఉండేది. ఒక రోజు ఆగలేక సగంలో పుస్తకం అమ్మ చేతిలో పెట్టాను. మిగతా సగం తను చదివింది. అప్పటి నుంచి సగం నాది, సగం తనది. రెండో పేజీకి వచ్చేసరికి నా గొంతు హఠాత్తుగా ఎందుకు కుదురుకుంటుందో మేడం ఒక్కసారి కూడా అడగలేదు. ప్రతిరోజూ చివర్లో అమ్మ “మే ఐ సిట్ డౌన్” అనేది, మేడం కూర్చోమనేది.

ఇంగ్లీషు పరీక్ష రోజు వచ్చింది. నన్ను సెంటర్‌కు దింపాలని బాపు కల్లం నుంచి చీకటితోనే వచ్చేశాడు. అరుగు మీద మంచం వాల్చుకుని చాయ్ గ్లాసుతో కూర్చున్నాడు. ఆయన ఉండగానే ఫోన్ మోగింది. అమ్మ ముఖం తెల్లబోయింది. నేనే ఎత్తి స్పీకర్ వేసి, నిలబడి చదివాను. మొత్తం నేనే చదివాను. తప్పులు దొర్లాయి గానీ ఆగలేదు. బాపు గ్లాసు కింద పెట్టి విన్నాడు. అర్థం కాకపోయినా ముఖం వెలిగింది.

“చాలు తల్లీ. నీ భయం పోయింది. మంచిగ రాస్తవు” అంది మేడం. తర్వాత “ఇగ ఫోన్ మీ అమ్మకియ్యి” అంది.

అమ్మ వద్దు వద్దని రెండు చేతులూ ఊపింది. స్పీకర్ వేసి ఉంది. మేడం మాట్లాడుతూనే ఉంది.

“అమ్మా, వింటున్నరు గదా? రెండు గొంతులని నాకు మొదటి వారమే తెల్సింది. మే ఐ సిట్ డౌన్ అని ఇప్పటి పిల్లలు ఎవరడుగుతరమ్మా? మేం చదివినప్పుడు అడిగేటోళ్లం. చెప్తె మీరు ఫోనెత్తుడు మానేస్తరని ఊకున్న. ఇయ్యాల ఆఖరి ఫోన్ గదా, అందుకే అడుగుతున్న. మీరెంత చదివిండ్రు? పరీక్ష రాసిండ్రా?”

మేడంకు తెలుసు! బాపు మంచం మీద నుంచి లేచాడు. అమ్మ బాపును చూసింది, ఫోన్‌ను చూసింది. ఏమీ అనదనుకున్నాను. బర్రె దగ్గరికి పోతుందనుకున్నాను. అమ్మ కొంగు సర్దుకుంది. నిటారుగా నిలబడింది.

“ఓన్లీ ఇంగ్లీష్ ఈజ్ లెఫ్ట్, మేడమ్” అంది.

బాపు నన్నడిగాడు, మందు డబ్బా చూపించి అడిగినట్టే. “ఏమంటుందే మీ అమ్మ?”

మా అమ్మ మాటను మా బాపుకు నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది.

“పదిల ఇంగ్లీష్ ఒక్కటే రాయలేదంట బాపు. కడమయన్ని రాసిందంట.”

“పదా? ఏడు గదా?”

“ఏడు గాదు” అంది అమ్మ.

“మరి గదొక్కటి ఎందుకు రాయలే?”

“గా దినం మీరొచ్చిండ్రు.”

బాపుకు వెంటనే అందలేదు. అందాక ఆయన ముఖం చూడలేకపోయాను. ఫోన్ ఎప్పుడో కట్ అయింది. “మేం పిల్లను చూడొచ్చిన దినమా?” అన్నాడు. అమ్మ ఊ అంది. “ఇంటి ముంగట ఆటో హారన్ కొడ్తుండె. ఎవరో గని ఊకె కొడ్తున్నరేందని నేనే అన్న” అన్నాడు బాపు. గ్లాసులో మిగిలిన చాయ్ వాకిట్లో పారబోసి, బండి బయటికి తీశాడు. నేను ఎక్కాను. బండి స్టార్ట్ చేసి అమ్మ వైపు తిరిగాడు.

“నువ్వు సుత ఎక్కు.”

“నేనెందుకు? బర్రెకు...”

“ఎక్కమంటున్న గదా.”

నేను పాసయ్యాను, ఆ సంగతి ఇక్కడే చెప్పేస్తున్నాను. కాలేజీకి నిజామాబాద్ వెళ్లాను, ఇప్పుడు ఉండేది కూడా అక్కడే. ఆ రోజు నన్ను నిలువునా ఊపేసింది మాత్రం నా పరీక్ష కాదు.

గంట కొట్టాక పేపర్ చేత్తో పట్టుకుని బయటికి వచ్చాను. మాక్లూర్ సెంటర్ గేటు బయట ఎండ మండిపోతోంది. తల్లిదండ్రులంతా చెట్ల కిందికి చేరారు. అమ్మ మాత్రం గేటు పక్కనే నిలబడి ఉంది, నేను లోపలికి వెళ్లినప్పుడు ఎక్కడ ఉందో అక్కడే. నేను రాగానే ఎట్ల రాసినవ్ అని అడగలేదు. చేతిలోంచి పేపర్ లాక్కుంది. అందరి ముందు, బాపు ముందు, ఎండలో నిలబడి మొదటి పేజీ పై నుంచి చదవడం మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి. చూపుడు వేలు వరస వెంట పోతోంది.

బాపు బండి స్టాండ్ వేసి వచ్చాడు. కాసేపు చూసి అడిగాడు.

“ఎట్లుంది పేపర్? పాసయితవా?”

నేను జవాబు చెప్పబోయాను. అప్పుడు చూశాను, బాపు అడుగుతున్నది నన్ను కాదు.

అమ్మ తలెత్తలేదు. “ఆగుండ్రి, ఇంక కాలే” అని పేజీ తిప్పింది.